దీపం ఆరిన ఊళ్లకూ చిరునామా ఉంది!

'మీ సొంతూరేది?' అని ఎవరైనా అడిగితే ఠక్కున చెప్పేస్తాం. ఎక్కడుందంటే ఫోను తీసి చూపించేస్తాం. మరి ఆ ఊరే ఇప్పుడు లేకపోతే? జలాశయం అడుగున ఉండిపోతే? కలరా వచ్చో, కరవు వచ్చో వందేళ్ల కిందటే జనం వదిలి వెళ్లిపోతే? ఫోన్లోని పటంలో అక్కడ నీలం రంగో, ఖాళీ పొలమో తప్ప ఇంకేం కనిపించదు. కానీ ఆ ఊరి పేరును భద్రంగా దాచుకున్న కాగితం ఒకటుంది. అంగుళానికి ఒక మైలు లెక్కన గీసిన పాత సర్వే పటం అది. చదవడం తెలిస్తే చాలు, మీ ఊరి చరిత్రలో సగం అక్కడే దొరుకుతుంది.

తెలంగాణ రెవెన్యూ దస్తరాల్లో ఓ మాట తరచూ కనిపిస్తుంది... బేచిరాగ్. చిరాగ్ అంటే దీపం. బే అంటే లేనిది. దీపం వెలగని ఊరన్నమాట! గ్రామానికి పేరుంటుంది, హద్దులుంటాయి, సర్వే నంబర్లుంటాయి, శిస్తు లెక్కలూ ఉంటాయి. ఉండనిదల్లా మనుషులే. పొద్దుగూకితే దీపం పెట్టే ఇల్లు ఒక్కటీ లేదని ఎవరో ఫారసీ గుమాస్తా రాసుకున్న ఆ మాటే రెవెన్యూ భాషలో స్థిరపడిపోయింది.

అలాంటి ఊళ్లు మన చుట్టూ ఎన్నో. పొలాల మధ్య కాస్త ఎత్తుగా, పెంకులూ కుండ ముక్కలూ కలిసిన బూడిదరంగు మట్టితో దిబ్బ కనిపిస్తే పెద్దవాళ్లు దాన్ని 'పాటిగడ్డ' అనో 'పాటిదిబ్బ' అనో అంటారు. ఒకప్పుడు ఊరున్న చోటని అర్థం. ఆ పాటిమట్టిలో బలం ఉంటుందని బండ్లకెత్తి పొలాలకు తోలుకోవడమూ మన రైతులకు పాత అలవాటే. అలా తోలగా తోలగా చరిత్ర కూడా కరిగిపోయింది. ఇప్పటి సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో ఇలాంటి దిబ్బనే 1940-42లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ గులాం యజ్దానీ ఆధ్వర్యంలో తవ్వింది. శాతవాహనుల నాణేలు, మట్టిబొమ్మలు, పూసలు బయటపడ్డాయి. అన్ని దిబ్బలకూ అంత అదృష్టం ఉండదు. వాటి జాడ తెలుసుకోవాలంటే ముందు పటం దగ్గరికే వెళ్లాలి.

కావిడి కాదు... అరటన్ను యంత్రం!

ఇంతకీ ఆ పటాలను ఎవరు గీశారు? సర్వే ఆఫ్ ఇండియా పుట్టింది 1767లో. అయితే దేశాన్ని త్రికోణాలుగా విడగొట్టి పక్కాగా కొలిచే పని మొదలైంది మాత్రం 1802 ఏప్రిల్‌లో, మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర. విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి ఏడున్నర మైళ్ల నేలను వంద అడుగుల ఉక్కు గొలుసుతో కొలిచాడు. అదే ఆధారరేఖ. దాని రెండు కొసల నుంచి దూరంగా ఉన్న ఓ గుట్టను చూసి కోణాలు కొలిస్తే త్రికోణం తయారవుతుంది. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాల పొడవూ లెక్క కట్టొచ్చని హైస్కూల్లో చదువుకున్నాం కదా... ఆ లెక్కతోనే గుట్ట మీది నుంచి గుట్ట మీదికి, దేశమంతా అల్లుకుంటూ పోయారు.

కోణాలు కొలిచే థియొడొలైటు బరువు దాదాపు అరటన్ను. లండన్ నుంచి వస్తుంటే దారిలో ఫ్రెంచివాళ్లు పట్టుకున్నారు. శాస్త్రీయ పరికరమని తెలిశాక మర్యాదగా తిరిగిచ్చేశారు. 1808లో తంజావూరు బృహదీశ్వరాలయ గోపురం పైకి చేరుస్తుంటే తాడు తెగి దెబ్బతింది. లాంబ్టన్ తానే కూర్చుని బాగుచేసుకున్నాడు.

ఈ కథలో తెలుగు నేలకూ చోటుంది. లాంబ్టన్‌కు సహాయకుడిగా 1818లో హైదరాబాద్ చేరిన కుర్రాడు జార్జ్ ఎవరెస్టు. ఆ తర్వాతి ఏడాది కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వేకు వెళ్తే వానాకాలపు జ్వరం ఆయన్నీ ఆయన బృందాన్నీ మంచాన పడేసింది. కోలుకోవడానికి ఏకంగా ఆఫ్రికా దక్షిణ కొసకు వెళ్లాల్సి వచ్చింది. ప్రపంచంలోనే ఎత్తయిన శిఖరానికి 1865లో పెట్టింది ఆయన పేరే. కానీ గుట్టల మీద జెండాలు పట్టుకుని నిలబడ్డ, గొలుసులు లాగిన, యంత్రాలు మోసిన, అదే జ్వరాలతో అడవుల్లోనే కన్నుమూసిన ఖలాసీల పేర్లు ఏ పటం అంచునా కనిపించవు.

గీత ఒకరిది... కథ మనవాళ్లది

సర్వే అంటే గీతలే కాదని నిరూపించినవాడు కాలిన్ మెకంజీ. 1783లో మద్రాసు వచ్చిన ఈ స్కాట్లండు ఇంజినీరు 1799లో టిప్పు సుల్తాన్ పతనమయ్యాక మైసూరు సర్వే చేపట్టాడు. కొండలూ కోనలూ కొలుస్తూనే ప్రతి ఊరి కథనూ సేకరించాలనుకున్నాడు. ఆయనకు భాష రాదు. ఆ లోటు తీర్చింది ఏలూరుకు చెందిన కావలి సోదరులు... బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. ఊళ్లకు వెళ్లి కరణాలనూ పూజారులనూ పెద్దలనూ పలకరించి శాసనాలు, దండకవిలెలు, స్థలపురాణాలు రాసుకున్నారు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోతే లక్ష్మయ్య ఆ బాధ్యతను భుజాన వేసుకున్నారు. మెకంజీ 1815లో మొత్తం భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో కన్నుమూశాడు.

అలా పోగైనవే నేడు మనం చెప్పుకునే కైఫియత్తులు. ఊరు ఎలా పుట్టింది, ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, ఎప్పుడు పాడుబడింది, మళ్లీ ఎవరొచ్చి నిలబెట్టారు... అన్నీ అందులో ఉంటాయి. కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది కూడా. రాయలసీమ, కోస్తా ఊళ్ల చరిత్ర వెతికేవాళ్లకు అవి పెన్నిధి. ఇక్కడే ఓ చిక్కుంది. కైఫియత్తులో ఊరి పేరుంటుంది కానీ చాలాసార్లు ఆ ఊరు ఎక్కడుందో ఇప్పుడు తెలియదు. పటంలో చోటు ఉంటుంది కానీ కథ ఉండదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివితేనే ఊరు ప్రాణం పోసుకుంటుంది.

మీ ఊరు ఏ షీటులో ఉంది?

ఇప్పుడు మనం వాడే తరహా రంగుల టోపోషీట్లు 1905 తర్వాత మొదలైనవి. వాటికి అంకెలు వేసిన పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. దేశాన్ని నాలుగు డిగ్రీల పొడవు, నాలుగు డిగ్రీల వెడల్పున్న గళ్లుగా విడగొట్టి ప్రతి గడికీ ఓ సంఖ్య ఇచ్చారు. తెలంగాణలో చాలాభాగం 56వ గడిలోకి వస్తుంది. దాన్ని మళ్లీ 16 ముక్కలు చేసి ఏ నుంచి పి వరకు అక్షరాలు పెట్టారు. ఒక్కో అక్షరాన్ని మరో 16 ముక్కలు చేశారు. హైదరాబాద్ నగరం నడిబొడ్డు 56కె/7లో ఉంటుంది. శ్రీశైలం 56ఎల్/16లో. ఆఖరి ముక్క ఒక్కోటీ సుమారు 27 కిలోమీటర్ల పొడవు, దాదాపు అంతే వెడల్పు ప్రాంతాన్ని చూపిస్తుంది. మొదట్లో అంగుళానికి మైలు. మెట్రిక్ పద్ధతి వచ్చాక రెండు సెంటీమీటర్లకు ఒక కిలోమీటరు.

ఆ కాగితంలో ఏముండదు చెప్పండి! ఊరి ఇళ్లు ఎరుపు. నీళ్లు నీలం. అడవి ఆకుపచ్చ. సాగుభూమి పసుపు. ఎత్తుపల్లాలు చెప్పే కాంటూరు రేఖలు గోధుమరంగు. గుడి, మసీదు, ఈద్గా, సమాధి, కోట, బావి, డాక్ బంగళా, పోస్టాఫీసు... ఒక్కోదానికి ఒక్కో గుర్తు. ఎండాకాలంలో ఎండిపోయే వాగుకు నల్లగీత, ఏడాదంతా పారే ఏటికి నీలం. షీటు అంచున ఏ సంవత్సరంలో సర్వే చేశారో అచ్చువేసి ఉంటుంది. చరిత్ర వెతికేవారు అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఆ సంవత్సరాన్నే. ఒకే ఊరివి వేర్వేరు కాలాల షీట్లు రెండు దొరికితే ఇక పండగే. ఏ దారి పోయింది, ఏ చెరువు కుంచించుకుపోయింది, ఏ తండా కొత్తగా వెలిసింది... కళ్లకు కట్టేస్తుంది.

చెరువులనే తీసుకోండి. కాకతీయుల నాటి నుంచీ మనది గొలుసుకట్టు పద్ధతి. పై చెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువులోకి వెళ్తుంది. నేల మీద నిలబడి చూస్తే ఒక్క చెరువే కనిపిస్తుంది. పాత టోపోషీటులో మాత్రం వాగు వెంట పూసలు గుచ్చినట్టు మొత్తం గొలుసు కనిపిస్తుంది. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ పేరుతో 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను తలపెట్టారు. ఎక్కడైనా ఆ గొలుసులో ఒక పూస తెగిందేమో, మధ్యలో కాలువ పూడుకుపోయి ఇళ్లు లేచాయేమో తెలుసుకోవాలంటే పాత పటాన్ని మించిన సాక్షి లేదు.

పేరులోనే ఊరి పుట్టుక

పటం మీది పేర్లు కూడా మాట్లాడతాయి. పక్కపక్కనే 'ఖుర్ద్', 'కలాన్' అని రెండు ఊళ్లుంటే ఒకటి చిన్నది, రెండోది పెద్దది. ఒకే ఊరు రెండయిందనడానికి అదో ఆనవాలు. 'పాలెం' అంటే ఒకప్పుడు దండు దిగిన చోటో పాళెగాడి ఏలుబడో కావచ్చు. 'పేట' అంటే అంగడి. 'కొత్త' అనే మాటతో మొదలయ్యే ఊరు కనిపిస్తే వెంటనే 'పాత' ఊరు ఎక్కడుందా అని వెతకాలి. అది పక్కనే దొరక్కపోతే... అక్కడే అసలు కథ మొదలవుతుంది.

ఓ హెచ్చరిక. పేర్లను ఇంగ్లిషువాళ్లు చెవికి తోచినట్టు రాశారు. ఏలూరు 'ఎల్లోర్' అయింది. కృష్ణ 'కిస్ట్నా' అయింది. కాకినాడ 'కొకనాడ' అయింది. పెద్ద పట్నాలకే ఆ గతి పడితే పల్లెల సంగతి చెప్పేదేముంది! మీ ఊరి పేరు కనిపించలేదని నిరాశపడకుండా పైకి గట్టిగా చదివి చూడండి. కంటికి దొరకనిది చెవికి దొరుకుతుంది.

ఇంకో సంగతీ మరవకూడదు. సర్వే చేసినవాళ్లకు కావాల్సింది సైన్యం నడిచే దారి, గుర్రాలకు నీళ్లు, శిస్తు వచ్చే నేల. అందుకే కోటకు పేరుంటుంది, బంగళాకు పేరుంటుంది. ఊరి చివరి వాడ చాలాసార్లు పేరులేని నాలుగు ఎర్రచుక్కలుగానే మిగిలిపోతుంది. కొండల్లో పోడు చేసుకునేవాళ్ల గుడిసెలదీ అదే పరిస్థితి. పటంలో పేరు లేనంత మాత్రాన అక్కడ చరిత్ర లేదని కాదు. అడిగి రాసుకోవాల్సిన బాధ్యత మనదని అర్థం.

నీటి కింద ఊళ్లు

పాత పటం విలువ అందరికన్నా బాగా తెలిసింది ముంపు ఊళ్లవారికే. నాగార్జునకొండ కథ చూడండి. ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆనవాళ్లు 1926లో వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబరు 10న సాగర్ ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ అంగుళం అంగుళం కొలిచి, తవ్వి, పటాల్లోకి ఎక్కించింది. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ అనుపు దగ్గరికీ తరలించి మళ్లీ నిర్మించారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. బౌద్ధ విహారాలకు మ్యూజియం దక్కింది, మంచిదే. ఆ లోయలోనే పొలం దున్ని, పెళ్లిళ్లు చేసి, పిల్లల్ని కన్న పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెలకో? మిగిలింది 56పి షీటు మీద పేరే.

శ్రీశైలం జలాశయం నిండిన 1980ల మొదట్లోనూ ఇదే జరిగింది. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు ఖాళీ అయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విడదీసి అలంపురంలో తిరిగి కట్టారు. కృష్ణా తీరాన సప్తనదీ సంగమంగా చెప్పుకునే మరో సంగమేశ్వరం ఉన్నచోటే నీళ్లలో ఉండిపోయింది. ఇప్పటికీ జలాశయం నీటిమట్టం తగ్గిన వేసవి నెలల్లో గుడి బయటపడుతుంది. జనం వెళ్లి మొక్కి వస్తారు. దేవుడికి ఏడాదికోసారైనా దర్శనభాగ్యం ఉంది. ఊళ్లకు అదీ లేదు. పూడికలో గోడలు కలిసిపోయాయి.

ఇక గోదావరి మీద పోలవరం. ఆ ప్రాజెక్టు ముంపు జాబితాలో మూడు వందలకు పైగా ఆవాసాలున్నాయి. వాటిలో చాలావరకు కోయ, కొండరెడ్ల గూడేలు. ఏ చెట్టు కింద గంగానమ్మ ఉందో, ఏ రాయి దగ్గర విత్తనాల పండగ చేసుకునేవారో పటంలో ఉండదు. కానీ వాగు ఉంది, గట్టు ఉంది, దారి ఉంది. ఆ మూడిటినీ చూపిస్తే మిగతాది అక్కడ పుట్టినవాళ్లు వేలుపెట్టి చెప్పగలరు. చెప్పేవాళ్లు ఉన్నంతకాలమే!

అసలు తొందర అక్కడే ఉంది. కాగితం ఎక్కడికీ పోదు. గ్రంథాలయాల్లో ఉంటుంది, కంప్యూటర్లలో ఉంటుంది. దాని మీద వేలుపెట్టి 'ఇదిగో, ఇది మా దిగుడుబావి' అని చెప్పగలిగినవాళ్లే తగ్గిపోతున్నారు. శ్రీశైలం ముంపులో ఇరవై ఏళ్ల వయసులో ఊరు వదిలినవారికి ఇప్పుడు అరవై దాటాయి. సాగర్ నాటివారు ఎనభైల్లో ఉన్నారు.

పటం ఎలా దొరుకుతుంది?

ఒకప్పుడు టోపోషీటు సంపాదించడమంటే పెద్ద ప్రహసనం. సరిహద్దు, తీర ప్రాంతాల షీట్లయితే అనుమతి లేకుండా ముట్టుకోనిచ్చేవారు కాదు. 2005 జాతీయ మ్యాపుల విధానంతో రక్షణ అవసరాలకు వేరుగా, ప్రజలకు వేరుగా రెండు రకాల పటాలు వచ్చాయి. 2017లో సర్వే ఆఫ్ ఇండియా 'నక్షే' పోర్టల్ ద్వారా ప్రజల పటాలను ఉచితంగా దించుకునే వీలు కల్పించింది. 2021లో నిబంధనలను కేంద్రం మరింత సడలించింది. అవి కొత్త పటాలు. పాతవాటి కోసం విశ్వవిద్యాలయాల భూగోళ శాస్త్ర విభాగాల్లోనూ పెద్ద గ్రంథాలయాల్లోనూ అడగాలి. నిజాం కాలపు దస్తరాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది.

ఇంట్లో కూర్చునే మొదలుపెట్టాలంటే మరో దారి. అమెరికా సైన్యం మ్యాపుల విభాగం 1950ల నుంచి మన దేశానికి 'యూ502' అనే వరసలో పటాలు అచ్చువేసింది. సర్వే ఆఫ్ ఇండియా షీట్ల ఆధారంగా చేసినవే. టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. వివరం కాస్త తక్కువే, సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు. అయినా శ్రీశైలం జలాశయం లేని కృష్ణానదిని అక్కడ చూడొచ్చు.

మీరూ మొదలుపెట్టండిలా...

* ముందు ఊరి అక్షాంశ, రేఖాంశాలు ఫోన్లో చూసుకుని షీటు సంఖ్య తేల్చుకోండి. ఊరు షీటు అంచున ఉంటే పక్క షీటూ కావాలి.

* టోపోషీటులో సర్వే నంబర్లు ఉండవు. పొలం, గ్రామకంఠం, బేచిరాగ్ వివరాలకు గ్రామ నక్షా చూడాలి. దాంతోపాటు తెలంగాణలో సేత్వార్, పాత పహాణీలు, ఆంధ్రలో ఆర్ఎస్ఆర్, అడంగల్, ఎఫ్ఎంబీ పరిశీలించాలి. హద్దు తగాదాలకు టోపోషీటు పనికిరాదు. అది చరిత్రకే.

* పాత షీటును ఈనాటి ఉపగ్రహ చిత్రం మీద పరచి చూడటానికి క్యూజిస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. కాలేజీ పిల్లలకు అప్పగిస్తే చకచకా చేసేస్తారు. అయితే పాత పటాలన్నీ ఎవరెస్టు లెక్కగట్టిన భూగోళం కొలతల మీద గీసినవి. ఫోన్లోని జీపీఎస్ లెక్క వేరు. సవరించకపోతే వందా రెండు వందల మీటర్ల తేడా వస్తుంది. దిబ్బ కోసం వెళ్లి పక్కవాళ్ల చేలో తవ్వుకునేరు!

* పటాన్ని పెద్దదిగా అచ్చు తీయించి పెద్దవాళ్ల ముందు పరవండి. వాళ్లకు ఉత్తరం, దక్షిణం చెప్పొద్దు. వాగు, గుట్ట, పెద్ద చెరువు చూపించి అక్కణ్నుంచి నడిపించమనండి. చెప్పింది చెప్పినట్టు పెన్సిల్‌తో పటం మీదే రాయండి. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా.

* పాటిదిబ్బ దొరికితే చూడండి, ఫొటో తీయండి, అంతే. తవ్వొద్దు. నాణెమో శాసనమో కనిపిస్తే పురావస్తు శాఖకు చెప్పండి.

రాజుల చరిత్ర రాయడానికి శాసనాలున్నాయి. ఊరి చరిత్రకు ఉన్నది ఈ కాగితం, ఆ కాగితాన్ని గుర్తుపట్టగల నాలుగు ముసలి కళ్లు. రాబోయే సెలవుల్లో పిల్లలతో కలిసి తాతయ్య, నానమ్మల ముందు ఓ పాత పటం పరచండి. వాళ్లు మొదట కళ్లజోడు వెతుక్కుంటారు. తర్వాత వాగు వెతుక్కుంటారు. వాగు దొరికిందా... ఇక వాళ్లను ఆపడం మీ తరం కాదు!